చూడక చెప్పిన తీర్పు

ఎవరి మాటయైనను వినవచ్చును గాని, విన్నంతనే తొందరపడి నమ్మరాదని చెప్పే సుమతీ శతక పద్యమును పిల్లలచేత వల్లె వేయించని తెలుగు ఉపాధ్యాయుడు ఉండడు. పాతికేండ్లకు పైగా నేనును తరగతిలో ఆ పద్యమును ఉదాహరిస్తూనే ఉన్నాను. అది నాకెంతవరకు వంటబట్టినదో మాత్రము ఒక హిందీ చలనచిత్రము మూలమున, నా తరగతిలోని ఒక విద్యార్థిని మూలమున తెలిసివచ్చినది.

ఆ చిత్రము పేరు 'పీకే'. రాజ్‌కుమార్ హిరాణీ దర్శకత్వమున 2014 డిసెంబరు 19వ తేదీన విడుదలైనది. వేరొక గ్రహమునుండి పరిశోధనకై వచ్చిన ఒక వ్యక్తి రాజస్థానపు ఎడారిలో దిగుతాడు. ఆ పాత్రను ఆమిర్ ఖాన్ ధరించినాడు. తన ఆకాశనౌకను తిరిగి పిలిపించుకొనే రిమోటు అతని మెడలో ఉన్నది. దిగిన కొద్దిసేపటికే ఒక దొంగ దానిని లాగుకొని పోతాడు. అది ఎక్కడ దొరకునని అడిగిన చోటనెల్ల, దేవుడే చెప్పాలి అన్న జవాబే వస్తుంది. సరే, ఆ దేవుడెక్కడ ఉన్నాడో కనుగొందామని అతడు బయలుదేరుతాడు. దేవుని కంటికి ఆనవలెనని తలపై పసుపుపచ్చ హెల్మెట్టు పెట్టుకొంటాడు. దేవుళ్ల బొమ్మలతో 'కనబడుట లేదు' అని కరపత్రములు పంచుతాడు. ఈ చేష్టలు చూచినవారికి అతడు తాగియున్నాడేమో అనిపిస్తుంది; 'తాగి' అన్న అర్థముగల హిందీ మాటయే అతని పేరుగా స్థిరపడినది. అతనికి తోడ్పడిన టెలివిజను విలేఖరి జగ్గు. ఆ పాత్ర అనుష్కా శర్మది. పీకే మనసు ఆమెపై నిలుస్తుంది. ఆమె మనసు మరొకరిపై నిలిచియున్నది. శాస్త్రకల్పన, ప్రణయము, హాస్యము మూడును కలిసిన కథ ఇది.

దీనిని గూర్చి ప్రేక్షకలోకము వెలిబుచ్చిన అభిప్రాయములు వింటే, అందరును ఒకే చిత్రమును గూర్చి మాటలాడుతున్నారా అన్న సందేహము కలుగుతుంది. చిత్రము వెలువడక మునుపే, 2014 ఆగస్టులో, దాని ప్రచారచిత్రముపై వ్యాజ్యము సుప్రీంకోర్టుదాక పోయినది. నచ్చనివారు చూడనవసరము లేదని న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చినది. డిసెంబరు చివరి దినములలో అహమ్మదాబాదు, భోపాలు మొదలైన నగరములలో ప్రదర్శనశాలలపై దాడులు జరిగినవి. ఇంచుమించు ఆ రోజులలోనే ఉత్తరప్రదేశ్, బీహారు ప్రభుత్వములు ఆ చిత్రమునకు వినోదపుపన్ను మినహాయించినవి. దానిని నిలుపుదల చేయుమన్న అర్జీని ఢిల్లీ హైకోర్టు 2015 జనవరిలో కొట్టివేసినది. ఇంత రభస నడుమనే అది అప్పటివరకు వచ్చిన హిందీ చిత్రములన్నిటికంటె అధికముగా వసూలు చేసినది.

మా కళాశాల అధ్యాపకుల గదిలోను రెండు పక్షములు ఏర్పడినవి. "దేవుని వెక్కిరించిన చిత్రమట" అన్నవారి వైపు నేను తల ఊపినాను. 'అట' అన్నది మన భాషలో ఎంత చిన్న మాట! వినికిడిని వినికిడిగానే చెప్పుమని మన పూర్వులు ఇచ్చిన సాధనమది. కాని నోటినుండి నోటికి పోయేటప్పుడు ఆ 'అట' ఎక్కడో జారిపోతుంది. సాయంకాలమునకు నేనే "అది దేవుని వెక్కిరించిన చిత్రము" అని ఇంటిలో చెప్పినాను.

ఆ జనవరిలోనే ఒకనాడు డిగ్రీ తరగతికి మనుచరిత్ర పాఠము చెబుతున్నాను. సిద్ధుడిచ్చిన పాదలేపము మంచునీటికి కరిగిపోయి, హిమాలయమునుండి ఇంటికి పోవు ఉపాయము లేక ప్రవరుడు దిక్కులు చూచే ఘట్టము. ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఇది పీకే కథలాగున్నదండీ. అతనికి రిమోటు పోయినది, ఇతనికి లేపము పోయినది" అన్నది. తరగతి గొల్లుమన్నది. నాకు కోపము వచ్చినది. "పెద్దనగారి ప్రబంధమును తెచ్చి ఆ దైవదూషణ చిత్రముతో ముడిపెడతావా? కూర్చో" అన్నాను. ఆ పిల్ల కూర్చొనలేదు. ఎదిరించే ధోరణి ఏమాత్రము లేకుండ, నిజముగా తెలిసికొనగోరినట్లే, "మీరు చూచారా అండీ?" అని అడిగినది.

లేదన్నాను. ఈసారి తరగతి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించినది.

ఆ ఆదివారము మధ్యాహ్నపు ఆటకు పోయి చూచి వచ్చినాను. ఆ పిల్ల మాట నిజమే. ప్రవరుడును పీకేయును ఇంటి దారి తప్పినవారు. ఇద్దరును కనబడినవారిని దారి అడిగినవారు. ఇద్దరికిని ఆ పరాయిచోట ఒక స్త్రీ ఎదురైనది. ప్రవరుడు వెడలిపోయిన తరువాత ఒక గంధర్వుడు అతని రూపము దాల్చి వచ్చి వరూధినిని నమ్మించినాడు. మనము ఒకరిని పిలుస్తాము. ఇంకొకడు వారి పేరిట పలుకుతాడు. పీకే దీనికి పెట్టిన పేరు 'రాంగ్ నంబరు'. చిత్రములో దేవుని పేరిట జవాబు చెప్పే తపస్వి మహారాజు వంటివారిపై అతడు వేసిన అభియోగమదే. దేవుడు లేడని అతడు ఎక్కడను అనలేదు. దేవునికి చేసిన పిలుపు చేరవలసిన చోటికి చేరుట లేదనియే అతని బాధ.

అట్లని విమర్శించినవారందరును తెలియనివారే అనుట అన్యాయము. కొబ్బరికాయ పట్టుకొని చర్చికి, ద్రాక్షసారాయి పట్టుకొని మసీదుకు పోబోయిన పీకేను చిత్రము చూపినది నిజమే. ఐనను ప్రతినాయకుడు ఒక మతమువాడు, నవ్వులో హెచ్చుపాలు ఒక మతముపై పడినది అన్న ఆక్షేపణను తేలికగా తోసివేయరాదు. అట్టి బాధను మాటలో చెప్పుకొనే హక్కు ప్రేక్షకునికి ఎల్లప్పుడును ఉన్నది. అద్దములు పగులగొట్టిన రాయి మాత్రము అభిప్రాయము కాదు. అది అభిప్రాయము నోరు మూయించే సాధనము.

ఇది 2012లో వచ్చిన 'ఓ మై గాడ్' చిత్రమునకు మారుపేరే అన్నవారు మరికొందరు. ఆ కథయే 2015 సంక్రాంతికి 'గోపాల గోపాల'గా మన తెలుగువారికిని అందినది. పోలిక లేకపోలేదు. కాని అందులో ప్రశ్నించేవాడు మన వీధిలోని వ్యాపారి. నష్టపోయి, కోపించి, న్యాయస్థానమునకు ఎక్కినాడు. ఇందులో ప్రశ్నించేవానికి కోపము లేదు, ఏమియు తెలియదు. ఒకే ప్రశ్నను కోపముతో అడిగితే వాదమవుతుంది, తెలియక అడిగితే పాఠమవుతుంది. మా తరగతిలో జరిగినది అదే గదా!

ఇందులో శాస్త్రము తక్కువ, కట్టుకథ ఎక్కువ అన్నవారితో నాకు పేచీ లేదు. ఒకరి చేయి ఆరు గంటలపాటు పట్టుకొని భాష నేర్చుకొనుట ఏ శాస్త్రమునకును అందదు. ఐతే ఆ విధముగా అతనికి అబ్బినది పుస్తకముల హిందీ కాదు, భోజపురి. ఎవరి చేయి పట్టుకొంటే వారి భాషయే వస్తుందన్న ఆ చిన్న సంగతి భాష బోధించేవారికి నచ్చక మానదు. ఉత్తరార్ధమున ఉపన్యాసపు పాలు ఎక్కువైనదనుటయు నిజమే.

ఎక్కువమంది అనవసరమని కొట్టివేసినది జగ్గు ప్రేమకథను. నాకు మాత్రము చిత్రపు ప్రాణము అక్కడనే ఉన్నదనిపించినది. బెల్జియములోని బ్రూజ్ నగరమున చదువుకొంటూ ఆమె సర్ఫరాజ్ అనే పాకిస్తానీ యువకుని ప్రేమిస్తుంది. ఇంటివారి గురువైన తపస్వి, అతడు నిన్ను మోసగించునని జోస్యము చెబుతాడు. ఆ జోస్యమును అబద్ధము చేయుటకే ఆమె మరునాడే పెండ్లికి తొందరపడి చర్చిలో ఎదురుచూస్తుంది. వరుడు రాడు; ఒక బాలుడు ఉత్తరము తెచ్చి ఇస్తాడు. ఈ పెండ్లి జరుగదని అందులో ఉన్నది. ఆమె కన్నీటితో స్వదేశమునకు తిరిగివస్తుంది. చాలకాలమునకు పీకే అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ ఉత్తరముపై సంతకమున్నదా? లేదు. అది అక్కడనే ఉన్న మరొక వధువుకు రావలసిన ఉత్తరము. ఆ యువకుడు పార్ట్‌టైముగా పనిచేసిన రాయబార కార్యాలయమునకు ఫోను చేయగా, ఆమె పిలిచినదా అని అతడు ప్రతిదినము వారిని అడుగుతూనే ఉన్నాడని తెలుస్తుంది.

ఇది అతుకులబొంత కథ అన్నారు. ఉత్తరము చేతులు మారుట యాదృచ్ఛికమే, కాదనను. కాని ఆమె నమ్ముట యాదృచ్ఛికము కాదు. అటువంటి మనిషి ఇటువంటి పనియే చేయునని ఆమె చెవిలో ముందుగానే ఒకరు వేసియుంచినారు. కాగితముపై లేని సంతకమును ఆ జోస్యము చేసినది. ఒక్క ఫోను చేసి అడిగియుంటే తేలిపోయే దానికి ఇన్నాళ్ల దుఃఖము! తపస్వి జోస్యమును ధిక్కరించి పెండ్లికి సిద్ధపడిన పిల్లయే, లోలోపల ఆ జోస్యమును నమ్మియున్నది.

చిత్రమును చూడకయే తిట్టినవారు, చూడకయే పొగిడినవారు, తల ఊపిన నేను, అందరమును సంతకము లేని ఉత్తరము చదివినవారమే. తీసినవారెవరు, నటించినవారెవరు, వారి మతమేమి అన్నది తెలిసికొంటిమి. మిగిలినది మనమే పూరించుకొంటిమి. ఏమి అడిగినాడన్నది విడిచి, ఎవరు అడిగినారన్నది పట్టుకొంటిమి.

అబద్ధము ఎరుగని లోకమునుండి వచ్చిన పీకే వెళ్లునాటికి ఒక అబద్ధము నేర్చుకొంటాడు. భూలోకపు చప్పుళ్లని చెప్పి పెట్టెడు కేసెట్లు తీసికొనిపోతాడు. వానిలో ఉన్నది జగ్గు గొంతు. మన లోకము అతనిని చెడగొట్టినదని కొందరు నవ్వినారు. ఇతరుల సొమ్ము కాజేయుటకు తపస్వి ఆడిన అబద్ధమును, తన దుఃఖము ఇంకొకరికి బరువు కారాదని పీకే ఆడిన అబద్ధమును ఒకే గాట కట్టుటకు నాకు మనసు రాలేదు. ఇది నేను చూచి ఏర్పరచుకొన్న అభిప్రాయము. చూచి కాదన్నవారితో వాదించుటకు సిద్ధమే.

సోమవారమునాడు తరగతిలో ఆ అమ్మాయిని లేపి, "నీవు చెప్పినది నిజమేనమ్మా, చూచి వచ్చినాను" అన్నాను. ఆమె సిగ్గుపడి, కొంచెము ఆలోచించి, "కాని ఒక్క తేడా ఉన్నదండీ. ప్రవరునికి ఇంటివద్ద తల్లిదండ్రులు, భార్య ఎదురుచూస్తున్నారని పెద్దనగారు చెప్పినారు. పీకేకు అక్కడ ఎవరున్నారో సినిమాలో చెప్పనే లేదు. ఎవరును లేకపోతే అంత ఆత్రముగా వెనుకకు ఎందుకు పోవాలి?" అన్నది. తిట్టినవారి వ్యాసములలోను, పొగిడినవారి వ్యాసములలోను ఈ ప్రశ్న నాకు కనబడలేదు. రెండు కథలను చదివి, చూచి, పక్కపక్కన పెట్టుకొన్న పిల్లకు కనబడినది.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలు ఒక పుస్తకమును గూర్చి గాని, ఒక చిత్రమును గూర్చి గాని, ఒక మనిషిని గూర్చి గాని తీర్పు చెప్పినప్పుడు, "చూచినావా?" అని అడుగుదాము. వారు మనలను అదే ప్రశ్న అడిగినప్పుడు కోపపడకుందాము. పీకేలో ఇంటివారి ప్రస్తావన ఎందుకు లేదో నేను ఇప్పటికిని ఆ అమ్మాయికి జవాబు చెప్పలేకపోయినాను.