పాలపిట్టయు సహకార ధర్మమును

విజయదశమినాడు జమ్మిపూజకు బోవు త్రోవలో పాలపిట్టను జూచుట మన సిద్దిపేట ప్రాంతమున ప్రతి గృహస్థుడును శుభముగా నెంచు ఆచారము. 2014లో తెలంగాణ ప్రభుత్వము ఈ పక్షినే రాష్ట్రపక్షిగా ప్రకటించినది. ఇంతటి గౌరవము గల పక్షికి ఆ పండుగ దినమే గండమగుచున్నది. దసరాకు కొన్ని దినములు ముందుగానే దానిని ఉచ్చులతోను బంకపుల్లలతోను పట్టి, రెక్కలు కట్టి, పంజరమున బెట్టి, జమ్మిచెట్టు కడ చూపి పైకము పుచ్చుకొనువారు గలరు. పాలపిట్ట పురుగులను వేటాడి తిను పక్షి. పంజరములో నూకలు చల్లినంత మాత్రమున బ్రదుకదు. మనము శుభమని మ్రొక్కి యింటికి మరలిన పిమ్మట అది యేమగునో విచారించువారు అరుదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఇట్టి పక్షులను పట్టుట నేరము. హైదరాబాదున ఈ కార్యమునందు శ్రద్ధ వహించు స్వచ్ఛంద సంఘములు పెక్కు కలవు. 1980లో ఏర్పడిన పక్షివీక్షకుల సంఘము నేడు డెక్కన్ బర్డర్స్ అను పేర నడచుచున్నది. పాములను చంపక పట్టి అడవిలో విడుచుటకు ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవారు పాటుపడుచున్నారు. వీరి సేవ కొనియాడదగినదే. అయినను పాలపిట్ట నివసించునది పట్టణమున గాదు, మన పొలముగట్లమీద. కావున దాని రక్షణభారము కర్షకునిపైననే యున్నదని నా యభిప్రాయము.

ఇందువలన కర్షకునకు లాభమేమని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పూసా వ్యవసాయ పరిశోధనాలయమువారు పక్షుల జీర్ణకోశములను పరీక్షించి, ఏ పక్షి యేమి తినునో 1912లోనే గ్రంథరూపమున ప్రకటించిరి. పాలపిట్ట ఆహారములో మిడుతలు, కీచురాళ్లు, పెంకుపురుగులు ముఖ్యమైనవి. అది మేలుచేయు పురుగులను సైతము కొన్నింటిని తినునన్నమాట నిజమే. కాని గింజను ముట్టదు, కాయను కొరుకదు. కూలి యడుగక మన చేనిపై ఉదయసాయంకాలములు కావలి గాయు పక్షి యది. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికయందు దీని సంఖ్య క్షీణించుచున్నదనియు, దీని స్థితిని అంతర్జాతీయముగా మరల విచారింపవలయుననియు చెప్పబడినది.

నాలుగేండ్ల క్రిందట మేము పన్నెండుగురము కలిసి ఒక చిన్న సంఘముగా నేర్పడితిమి. మొదటి దసరాకు మేము చేసినది పొరపాటు. పంజరముతో నిలిచిన యొకనిని పదిమంది యెదుట గద్దించి, అటవీశాఖవారికి పట్టిత్తుమని బెదరించితిమి. అతడు పంజరము గైకొని పొరుగూరికి వెడలిపోయెను. పక్షికి విడుదల గలుగలేదు. పండుగపూట పేదవాని నోటికాడి కూడు తీసితిమన్న నింద మాత్రము మాకు మిగిలెను. మరునెల సమావేశమునకు ఐదుగురమే వచ్చితిమి.

రెండవయేట మార్గము మార్చితిమి. పండుగకు పక్షము దినములు ముందుగా అతని యింటికే పోయి మాటలాడితిమి. పిట్ట యే తీగెపై వ్రాలునో, ఏ తాటిమోడు తొఱ్ఱలో గుడ్లు పెట్టునో అతనికి తెలిసినంత మాలో నెవరికిని తెలియదు. దసరా తెల్లవారుజామున ఊరివారిని గట్లవెంబడి తీసికొనిపోయి స్వేచ్ఛగానున్న పిట్టను చూపవలసినదనియు, చూచినవారు తమకు తోచినంత ఇచ్చు పైకము అతనిదే యనియు ఒప్పందమాయెను. నాడు ముప్పదిమందికి పైగా వచ్చిరి. కరెంటు తీగెమీది పిట్ట యెగిరి రెక్కల నీలము విప్పగానే ఒక ముదుసలి, “ఇన్నేండ్లు నేను పంజరములో జూచినది ఈ పిట్టనేనా?” అని యడిగెను. ఆ ప్రశ్నకన్న మంచి ఉపన్యాసము మా సంఘములో నేటివరకు ఎవరును చేయలేదు.

అయితే మా సమావేశములందు ఒక రైతు లేచి, “మక్కచేనిని అడవిపందులు ఒక్క రాత్రిలో దున్నిపోవుచుండగా మీకు పిట్టల గొడవ యేల?” అని నిలదీసెను. అతనికి కోపము వచ్చుట తప్పుగాదు. పందుల మాట రాగానే మౌనము వహించు సంఘమునకు పిట్టను గాపాడుమని రైతును గోరు నధికారము లేదు. అందుచే పంటనష్టము కలిగిన మరునాడే చేనికి పోయి ఛాయాచిత్రములు తీయుట, అటవీశాఖకు అర్జీ వ్రాసిపెట్టుట, అది యెచ్చట నిలిచిపోయెనో కనుగొనుట మా పనులలో జేర్చుకొంటిమి. చేనిచుట్టు కరెంటు తీగె పెట్టవలదని కూడ చెప్పుచున్నాము. దానికి పందికన్న ముందు నీరు పెట్టబోయిన పొరుగురైతే బలికావచ్చును. నాడు నిలదీసిన రైతే నేడు మా లెక్కలపుస్తకము వ్రాయుచున్నాడు.

నా వృత్తికి సంబంధించిన దోషమును సైతము ఒప్పుకొనవలయును. పొలములలో నూతన పద్ధతులు చూపుటయే నా పని. ఉద్యోగములో జేరిన తొలినాళ్లలో ఫోరేటు గుళికలు చల్లుడని నేనే యెన్నియో గట్లమీద నిలిచి చెప్పితిని. 2020 సంవత్సరాంతమున వానికి నిషేధము వచ్చినది. మిషను బడిలో మా ఉపాధ్యాయుడు వారమున కొకసారి మాచేత పక్షుల పట్టిక వ్రాయించెడివాడు. పురుగు చచ్చినదా యని చూచితినేగాని, ఆ పురుగును తిన్నదాని గతి యేమని ఆ పట్టిక వ్రాసిన చేయియే విచారింపకపోయెను.

సహకార సంఘము నడుపుట యెరిగినవారికి ఇట్టి సంఘము నడుపుట క్రొత్తవిద్య గాదు. నియమిత దినమున సమావేశము, చిన్నదైనను చందా, అందరు చూడదగిన లెక్క, ఒక సంవత్సరమునకు ఒక్కటే పని, ఇవి చాలును. పెద్ద పేరు పెట్టి పది పనులు తలపెట్టిన సంఘము పండుగ తోరణమువలె వారమునకే వాడిపోవును. మేము ప్రతి నెల మొదటి ఆదివారమున ఒకే గట్టువెంబడి నడచి, కనబడిన పిట్టలను పుస్తకమున నెక్కించుచున్నాము. సంఖ్య పెరిగినదని గొప్పలు చెప్పుటకు నాలుగేండ్లు చాలవు. లెక్క తప్పక వ్రాయుటయే ప్రస్తుతము మా విజయము.

సోదర కర్షకులారా! మీ మీ సహకార సంఘముల సర్వసభ్య సమావేశమున ఈ విషయమునకు పావుగంట కాలము కేటాయింపుడు. గట్టుమీది తొఱ్ఱగల తాటిమోడును కట్టెలకని కొట్టవలదు, పాలపిట్టకు ఇల్లదియే. అవసరము లేని మందు చల్లవలదు. రాబోవు దసరాకు పంజరముకడ ఒక్క పైసయు ఇయ్యక, పట్టువాని చేయి విడువక, వానినే వెంటబెట్టుకొని పొలమునకు నడువుడు. జమ్మి ఆకును బంగారమని ఒకరికొకరు పంచుకొను మనము, ఆ పక్షికి దాని రెక్కలను దానికే విడిచిపెట్టలేమా?