ప్రవాస భారతీయుని వాక్కు

విదేశములందున్న భారతీయుడు స్వదేశ రాజకీయములను గూర్చి మాటలాడుట నేటి వింత కాదు. ఆ మాట ప్రయాణించు వేగమే నేటి వింత. డాలస్ నగరమున రాత్రి భోజనమైన పిదప ఒకడు చేతిఫోనున వ్రాసిన నాలుగు పంక్తులను, తెనాలిలో ఉదయపు కాఫీ త్రాగుచు మఱియొకడు చదువుచున్నాడు. ఓడలో వచ్చు టపా కొఱకు వారములకొలది ఎదురుచూచిన కాలము గడచినది. దూరము పోయినది గాని, దూరమువలన కలిగిన చిక్కులు పోలేదు. ఈ వాక్కునకు హక్కెంత, బాధ్యత యెంత, దీనికి వచ్చిన యాపద యేమి అను ప్రశ్నలను మన ప్రజలు ఆలోచింపవలసిన సమయము వచ్చినదని మేము తలంచుచున్నాము.

కేంద్ర విదేశాంగశాఖ వారి 2024 నాటి లెక్కల ననుసరించి విదేశములందున్న భారత సంతతివారు సుమారు 3 కోట్ల 54 లక్షలు. అందు సుమారు 1 కోటి 58 లక్షలు భారత పౌరులు. తక్కినవారు పరదేశ పౌరసత్వమును స్వీకరించినవారు, వారి సంతానమును. 2024 లో ప్రవాసులు మన దేశమునకు పంపిన ధనము సుమారు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకువారు అంచనా వేసిరి. ప్రపంచమున మఱియే దేశమునకును ఇంత ధనము తన ప్రవాసులనుండి వచ్చుట లేదు. ఉభయ తెలుగు రాష్ట్రములకు ఇది పరాయి సంగతి కాదు. కృష్ణా, గుంటూరు మండలములలో అమెరికా ధనముతో లేచిన మేడలు లేని గ్రామము అరుదు. జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములలో గల్ఫు దేశమునకు పోయిన మనుష్యుడు లేని వీథి అరుదు. ఆ ధనమునకు మన ప్రభుత్వములు పూలమాలలతో ఎదురేగుచున్నవి. ఆ ధనము పంపిన మనుష్యుడు నోరు విప్పినప్పుడు మాత్రము ఎదురేగువారు లేరు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

పూర్వకథ నొకింత స్మరింతము. 1903 లో నేటాలు దేశమున 'ఇండియన్ ఒపీనియన్' అను పత్రిక పుట్టెను. ఆంగ్లము, గుజరాతీ, హిందీ, తమిళము అను నాలుగు భాషలలో ఆరంభమైన ఆ పత్రికను గాంధీమహాత్ముడు నడిపించెను. 1909 లో లండను నుండి దక్షిణాఫ్రికాకు మరలివచ్చుచు ఓడలో ఆయన వ్రాసిన 'హింద్ స్వరాజ్' మొదట వెలువడినది ఆ పత్రికయందే. ఆ మఱుసటి సంవత్సరముననే బొంబాయి ప్రభుత్వము దాని గుజరాతీ ప్రతిని నిషేధించెను. 1913 నవంబరు 1 వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునుండి 'గదర్' పత్రిక బయలువెడలెను. కొయ్యమిల్లులలోను పొలములలోను కూలిచేయు పంజాబీలు దానిని చదివించుకొని వినిరి. మన ఆంధ్రుడగు దరిశి చెంచయ్యగారు చదువునకై అమెరికా పోయి గదర్ పక్షమున జేరి, పిదప చెరసాలల ననుభవించిరి. 'ఆంధ్రపత్రిక' సయితము 1908 లో పుట్టినది తెలుగుదేశమున గాదు, బొంబాయి నగరమున. ప్రవాసమునుండి స్వదేశమునకు జ్ఞానము ప్రవహించుట మన జాతీయోద్యమమునకు ప్రాణాధారములలో నొకటి యనుట అతిశయోక్తి కాదు.

అయితే ఆనాటి ప్రవాసి వాక్కునకు అంత గౌరవ మేల కలిగెను? అతడు మొదట తాను నిలిచిన నేలపై జరుగు నన్యాయమును గూర్చి మాటలాడెను. అటుపిమ్మట స్వదేశమును గూర్చి మాటలాడెను. ట్రాన్స్‌వాల్ ప్రభుత్వము ఆసియావాసులందఱును వ్రేలిముద్రలు వేసి నమోదు పత్రములు పొందవలెనని శాసింప బూనగా, 1906 సెప్టెంబరు 11 న జోహానెస్‌బర్గు నాటకశాలలో కూడిన భారతీయులు ఆ శాసనమునకు లొంగమని ప్రతిజ్ఞ చేసిరి. 1908 ఆగస్టు 16 న రెండువేలకు పైబడిన పత్రములను అగ్నికి ఆహుతి చేసిరి. చిల్లర వర్తకుడును, తోపుడుబండివాడును, కూలివాడును అందుండిరి. వారు పలికిన ప్రతి మాటకును వెల చెల్లించిరి. కొందఱు చెఱకు పోయిరి, కొందఱు దేశబహిష్కృతులైరి. వెల చెల్లించిన మాట గనుకనే స్వదేశమున దానిని విన్నవారు తల వంచిరి.

నేటి ప్రవాసి వాక్కు నొకసారి పరిశీలింతము. ఇందు మెచ్చదగినది లేకపోలేదు. 1990 ప్రాంతములలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున నుండిన తెలుగువారు, ఆంగ్లాక్షరములతో కొట్టిన మాటను తెలుగు లిపిలోనికి మార్చు నుపాయమును కల్పించిరి. గణకయంత్రముపై తెలుగు వ్రాయుట కష్టముగా నున్న దినములలో అది మన భాషకు చేసిన మహోపకారము. 1998 లో అమెరికాలోని తెలుగువారే 'ఈమాట' యను సాహిత్యపత్రికను అంతర్జాలమున స్థాపించిరి. 2021 లో కరోనా రెండవ విజృంభణమున ప్రాణవాయువు దొరకక మన ఆసుపత్రులు తల్లడిల్లినప్పుడు, ప్రవాసులు ధనమును యంత్రములను సమకూర్చి పంపిరి. ఈ పని అంతయు ఫోనుల మీదను సందేశముల మీదను నడిచినది. నూతన సాధనమును నిందించుట మా యుద్దేశము కాదు.

కాని రాజకీయ విషయమున నీ సాధనము వేఱొక మార్గమున పోవుచున్నది. వాట్సాపు, ఫేసుబుక్కు, యూట్యూబు మున్నగునవి వర్తక సంస్థలు. చూచువాడు ఎంతసేపు చూచిన వానికంత లాభము. శాంతముగా వ్రాసిన విమర్శను చదివినవాడు ఫోను క్రింద పెట్టి ఆలోచించును. తిట్టు చదివినవాడు మఱియొక తిట్టు వెదకును. అందుచేత యంత్రము తిట్టునే ముందునకు త్రోయును. స్వగ్రామమును విడిచి ఇరువది సంవత్సరములైన ప్రవాసికి గ్రామమనగా తాను విడిచిన నాటి గ్రామమే. నాటి కులపు పట్టింపు, నాటి పార్టీ పంతము ఆతని పెట్టెలో మడత నలుగక యున్నవి. ఫోను వానిని ప్రతిదినము ఇస్త్రీచేసి యిచ్చుచున్నది. గ్రామముననే యున్నవాడు సాయంత్రమునకు ప్రతిపక్షమువానితో చెఱువుగట్టుపై కలిసికొనక తప్పదు. కాలువనీటి వంతు కొఱకు మాటలాడక తప్పదు. ఆ నిర్బంధము వాని నాలుకకు కళ్లెము. ప్రవాసికి ఆ కళ్లెము లేదు. అతడు రాజవేసిన నిప్పు అతని యింటిని తాకదు.

దీనికి ప్రవాసి నొక్కనినే నిందించుట న్యాయము కాదు. బాధ్యత లేని వాక్కని మనము దూఱుచున్నాము. బాధ్యత గల హక్కును మనము వానికిచ్చితిమా? 2010 చట్ట సవరణముచే విదేశములందున్న భారత పౌరునకు ఓటు హక్కు లభించినది. కాని ఓటు వేయుటకు అతడు విమాన మెక్కి వచ్చి తన గ్రామములోని పోలింగు కేంద్రమున స్వయముగా నిలువవలయును. ఫలితమేమి? 2024 లోకసభ ఎన్నికలనాటికి నమోదైన ప్రవాస ఓటరులు 1,19,374 మంది. ఓటు వేసినవారు 2,958 మంది. అందు 2,670 మంది కేరళ రాష్ట్రమువారు. కోటిన్నరకు మించిన ప్రవాస పౌరులలో మూడువేల మంది యైనను ఓటు వేయలేకపోయిరి! విమానపు టిక్కెట్టు కొనగలవానికే ఓటన్న, అది ప్రజాస్వామ్యమా, ధనస్వామ్యమా? రియాదులో గృహనిర్మాణపు కూలికి, కువైట్‌లో వంటమనిషికి ఈ హక్కు కాగితముమీది హక్కే. ప్రతినిధిచే ఓటు వేయించుటకు సంకల్పించిన బిల్లు 2018 లో లోకసభ నంగీకరింపజేసికొని, 2019 లో సభ రద్దగుటతో మురిగిపోయినది. సైనికులకు వలె ఎలెక్ట్రానిక్ మార్గమున ఓటు పత్రము పంపవచ్చునని ఎన్నికల సంఘమువారు 2020 లో ప్రతిపాదించిరి. ఆ ప్రతిపాదన యింకను కార్యరూపము దాల్చలేదు. ఓటుపెట్టె మూసినచో, మనుష్యుడు తన కోపమును ఫోనునందు గాక మఱెచ్చట చూపును?

పరదేశ పౌరసత్వము పొందినవారి సంగతి వేఱు. మన రాజ్యాంగము ద్వంద్వ పౌరసత్వము నంగీకరింపదు గావున వారికి ఓటు లేదు. ఉండవలెనని మేము కోరము. వారికిచ్చిన 'ఓవర్సీస్ సిటిజన్' కార్డు పేరునకు పౌరసత్వమేగాని నిజమునకు జీవితకాలపు ప్రవేశానుజ్ఞ. అయినను 2021 మార్చి 4 నాటి ప్రకటనలో కేంద్ర ప్రభుత్వమువారు ఈ కార్డుగలవారు పరిశోధన గాని పత్రికావృత్తి గాని చేయవలెనన్న ప్రత్యేకానుమతి పొందవలెనని విధించిరి. స్వీడన్ దేశమున ఉప్సాలా విశ్వవిద్యాలయాచార్యులగు అశోక్ స్వెయిన్ గారి కార్డు రద్దు కాగా, కారణములు చూపని ఆ యుత్తరువును 2023 జూలైలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది. ఆయన అభిప్రాయములతో ఏకీభవింపవలసిన పని ఎవరికిని లేదు. ప్రశ్న అది కాదు. పెట్టుబడి తెచ్చువానికి ఒక ద్వారము, ప్రశ్న తెచ్చువానికి వేఱొక ద్వారము ఉండవచ్చునా? పరదేశీయుల విషయమున రాజ్యమునకు విచక్షణాధికారము కలదని వాదింతురు. కలదు. కాని కారణము చెప్పని అధికారము విచక్షణ యనిపించుకొనదు. 'హింద్ స్వరాజ్' ను రేవుననే యాపిన ప్రభుత్వముల వారసత్వము స్వతంత్ర భారతమునకు తగదు.

ప్రవాసి నిలిచిన నేలపైనను గాలి మాఱినది. 2025 జూన్‌లో అమెరికా ప్రభుత్వమువారు విద్యార్థి వీసా కోరువారు తమ సామాజిక మాధ్యమముల ఖాతాలను అధికారులు చూచుటకై బహిరంగముగా నుంచవలెనని శాసించిరి. ఆ సంవత్సరము డిసెంబరులో ఆ నిబంధనను హెచ్-1బి ఉద్యోగులకును వారి కుటుంబములకును విస్తరించిరి. ఎమిరేట్సులో 2022 జనవరినుండి అమలులోనున్న చట్టము, అంతర్జాలమున వదంతులు వ్యాపింపజేయుటను కారాగారశిక్షకు పాత్రముగా నొనర్చినది. నాడు ట్రాన్స్‌వాల్ వ్రేలిముద్ర నడిగెను. నేడు రాజ్యములు మనుష్యుని మాటలముద్ర నడుగుచున్నవి. విదేశమునకు పోగోరువానిని పరీక్షించు నధికారము ప్రతి రాజ్యమునకును ఉన్నది. అయినను పూర్వము వ్రాసిన ప్రతి పంక్తియు ద్వారపాలకుని చేతిలో నున్నదని తెలిసిన పిల్లవాడు ఇకముందు ఏమి వ్రాయగలడు?

ఫలితము కన్నులయెదుట నున్నది. ప్రవాసి తాను నివసించు దేశమును గూర్చి మౌనము వహించి, ఏ వీసా అధికారియు లక్ష్యపెట్టని స్వదేశపు కులకలహములను గూర్చి మాత్రము కంఠమెత్తుచున్నాడు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రమున ఓలేత్ పట్టణమున ఒక తెలుగు యింజనీరును జాతిద్వేషముతో కాల్చి చంపినప్పుడు, మనవారు కొన్నాళ్లు కలసి నిలిచిరి. ఆ దుఃఖము నుండి నిలుకడగల పౌరహక్కుల సంఘ మొకటి పుట్టవలసి యుండెను. దానికి మాఱుగా ఎన్నికల ఋతువు రాగానే విదేశ నగరములలో కార్ల ఊరేగింపులు, పరస్పర దూషణములు పుట్టినవి. గల్ఫున పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కుకొనిన కరీంనగరపు కూలివాని కథను ఆ పక్కనగరముననే సుఖముగానున్న తెలుగు ఉద్యోగి వ్రాయుట లేదు. ఆ కథ వ్రాయుటకు ధైర్యము కావలెను. శాసనసభ్యుని తిట్టుటకు ఫోను చాలును.

కావున మేము మూడు మాటలు చెప్పుచున్నాము. ప్రభుత్వమునకు: విదేశమందున్న పౌరునకు, ముఖ్యముగా గల్ఫు శ్రామికునకు, తానున్న చోటనే ఓటు వేయు మార్గము కల్పింపుడు, పత్రికావృత్తికి ముందనుమతి కోరు నిబంధనను తొలగింపుడు, కార్డు రద్దు చేసినచో కారణము వ్రాసి యిండు. స్వదేశమున నున్న పాఠకులకు: డాలర్లలో వచ్చినంత మాత్రమున ఏ మాటయు నిజము కాదు, దూరమునుండి వచ్చినంత మాత్రమున అబద్ధమును కాదు. పంపినవాని నడిగి, పత్రికతో సరిచూచి, ఆపైన మఱియొకనికి పంపుడు. ప్రవాస సోదరులకు: మీ చేతిలో నున్న సాధనము ఫీనిక్సులోని ముద్రాయంత్రముకంటె వేయిరెట్లు బలమైనది. ఆ యంత్రమును చేతితో త్రిప్పినవారు మొదట తమ పక్కవాని కష్టమును అచ్చువేసిరి. మీరును మొదట మీ పక్కవానిని గూర్చి వ్రాయుడు. అటుపై స్వదేశమును ఎంత కఠినముగా విమర్శించినను, ఆ విమర్శ శిరోధార్యమగును.

వాక్స్వాతంత్ర్యము ఒక దేశపు సరిహద్దుతో ఆగునది కాదు. దానిని రెండు రాజ్యములు రెండు వైపులనుండి అదుముచున్న యీ కాలమున, ఉన్న కొంత స్వాతంత్ర్యమును తిట్లకు వ్యయపఱచుట తెలివి కాదు. పూర్వపు ప్రవాసులు కూడబెట్టిన గౌరవమును నేటి ప్రవాసులు నిలువజేయుదురు గాక!