జగన్నాథ నామము, జగ్గర్‌నాట్ పదము

ఆంగ్లభాషలో "జగ్గర్‌నాట్" అను పదమొకటి కలదు. అడ్డువచ్చిన సమస్తమును నలుగగొట్టుచు సాగిపోవు మహాశక్తి అని దాని అర్థము. యుద్ధమును, వరుస విజయములతో విజృంభించు రాజకీయ పక్షమును ఆ మాటతో పిలుతురు. బ్రిటన్ దేశమున పెద్ద సరకు లారీకి కూడ అదే పేరు. ఈ పదమునకు మూలము పురీక్షేత్రవాసియైన జగన్నాథుని నామమే!

గమ్ ధాతువు నుండి ఏర్పడిన జగత్ శబ్దమునకు నిరంతరము చలించునది అని అర్థము. నాథ శబ్దమునకు మూలమైన ధాతువునకు యాచన, ఐశ్వర్యము, ఆశీస్సు మున్నగు అర్థములున్నవి. చలించు ప్రపంచమునకు ప్రభువై, ఆర్తులు యాచింపదగినవాడై ఉన్నవాడు జగన్నాథుడు. ఆంగ్లపదము చలనమును మాత్రము గ్రహించి నాథుని విడిచిపెట్టినది.

ఇది యెట్లు జరిగెను? 14వ శతాబ్దమున ఓడోరిక్ అను ఇటలీ దేశపు క్రైస్తవ సన్న్యాసి, భక్తులు రథచక్రముల క్రింద పడి ప్రాణములర్పింతురని వ్రాసెను. ఆయన వర్ణించినది పురీ కాదు, "మొబార్" అని తాను పేర్కొన్న దక్షిణ తీరదేశము. కాలక్రమమున ఆ కథ పురీకి అంటుకొనెను. 1806లో పురీని దర్శించిన క్లాడియస్ బుకానన్ అను మతాచార్యుడు జగన్నాథుని నరబలి కోరు మోలోక్ అను ప్రాచీన దేవతతో పోల్చెను. 1811లో వెలువడిన ఆయన గ్రంథము విశేషముగా పఠింపబడెను. ఆ శతాబ్దముననే స్వామి నామము ఆంగ్లమున సామాన్య నామమైనది.

రథము క్రింద మరణములు సంభవించిన మాట సత్యము. దానిని దాచుట ధర్మము కాదు. కాని వానిలో అధికభాగము జనసమ్మర్దమున జరిగిన ప్రమాదములనియు, ఆత్మాహుతి ఈ వైష్ణవారాధనకు విరుద్ధమనియు 1872లో ఒరిస్సా చరిత్ర వ్రాసిన డబ్ల్యు. డబ్ల్యు. హంటర్ అను ఆంగ్లాధికారియే స్పష్టపరచెను. నిఘంటువులు ఆయనను చదివినట్లు లేదు.

అసలు ఆ రథమును చూచినవారికి ఈ అర్థము నవ్వు పుట్టించును. 16 చక్రముల నందిఘోషము త్రాళ్లతో జనులు లాగిననే కదలును. వారు ఆగిన ఆగును. గుండిచా మందిరము దాదాపు 3 కిలోమీటర్ల దూరమే అయినను, సూర్యాస్తమయమైనచో లాగుట నిలిపి, స్వామిని వీథిలోనే రాత్రి గడపనిత్తురు. రథము కదలుటకు ముందు గజపతి మహారాజు స్వయముగా బంగారు పిడి చీపురుతో ఊడ్చును. ఆపజాలని శక్తి ఇందెక్కడ?

ఆంగ్లేయులు తమ భాషలో ఏమి వ్రాసుకొనినను వారి ఇష్టము. తెలుగు రచయితలు మాత్రము ఆ పదమునే తిరిగి అరువు తెచ్చుకొనుట అనుచితము. అప్రతిహతము, దుర్నివారము అను మాటలు మన చేతిలోనే ఉన్నవి. పాఠశాలలో పిల్లలకు ఈ ఆంగ్లపదము ఎదురైనచో, ఉపాధ్యాయుడు అర్థముతోపాటు అది ఎవరి పేరో కూడ ఆ పూటే చెప్పవలెను.