నలుగురిలో అన్న మాట

బాస్కెట్‌బాల్ ఇష్టపడే మన యువత అమెరికా ఎన్‌బీఏ ఆటలను ఫోన్లలో చూస్తున్నారు. ఆటతోపాటు ఆటగాళ్లు ఒకరినొకరు కించపరచుకునే మాటలు కూడా అదే ఫోనులోకి వస్తున్నాయి. వాటిని చూసి నవ్వుకుని ఇతరులకు పంపేస్తున్నాం. ఆ మాట ఎవరికి తగిలిందో మాత్రం ఆలోచించడం లేదు.

లాస్ ఏంజిలిస్ లేకర్స్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్, డెట్రాయిట్ పిస్టన్స్ ఆటగాడు ఐజయా థామస్ ఒకప్పుడు ప్రాణస్నేహితులు. 1988 ఫైనల్స్‌లో ఆటకు ముందు చెంపమీద ముద్దు పెట్టుకుని పలకరించుకున్నారు. ఆ పోటీలోనే వారి మధ్య దూరం మొదలైంది. 1991 నవంబరు 7న మ్యాజిక్ తనకు హెచ్‌ఐవీ ఉందని ప్రకటించాడు. అది ఎలా సోకిందన్న దానిమీద పుకార్లు లేచాయి. వాటిని ఐజయా వ్యాపింపజేశాడని 2009లో వచ్చిన తన పుస్తకంలో మ్యాజిక్ నిందించాడు. ఐజయా ఆ నిందను ఖండించాడు.

ఈలోగా 1992లో మ్యాజిక్ మళ్లీ ఆడడానికి సిద్ధపడ్డాడు. అతనితో ఒలింపిక్స్ ఆడిన కార్ల్ మలోన్, ఆటలో గాయాలైతే ఎలా అన్న భయాన్ని పత్రిక ముందు బయటపెట్టాడు. సీజన్ మొదలవకముందే మ్యాజిక్ తప్పుకున్నాడు. ఆ భయం ఒక్క మ్యాజిక్‌నే గాయపరచలేదు. హెచ్‌ఐవీతో బ్రతుకుతూ పనికీ బడికీ గుడికీ వెళ్లాలనుకునే ప్రతివారినీ వెనక్కి నెట్టింది.

2017 డిసెంబరులో మ్యాజిక్, ఐజయా టీవీ కెమెరాల ముందు ఎదురెదురుగా కూర్చున్నారు. మ్యాజిక్ క్షమాపణ అడిగాడు. ఇద్దరూ ఏడ్చి కౌగిలించుకున్నారు. ఇదంతా టీవీ కోసమే అనేవారు ఉండవచ్చు. కానీ నింద లోకమంతా చదివింది. సమాధానాన్ని కూడా లోకం చూడడమే న్యాయమని మేము నమ్ముతున్నాం.

తప్పు చేసిన సహోదరునితో ఒంటరిగా మాట్లాడమని ప్రభువు చెప్పలేదా అని మీరు అడగవచ్చు. చెప్పాడు, మత్తయి 18లో. అది మనకు అన్యాయం జరిగినప్పుడు అతని పరువు కాపాడే మార్గం. మనవల్ల ఒకరు నొచ్చుకున్నప్పుడు, కానుకను బలిపీఠం దగ్గరే ఉంచి మొదట వెళ్లి సమాధానపడమని మత్తయి 5 చెబుతుంది. ఈ రెంటినీ తారుమారు చేయడం మన సంఘాల్లో అలవాటైంది. కమిటీ ఎన్నికల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒకరి జబ్బునో, కులాన్నో, పేదరికాన్నో అందరిముందు ఎత్తిపొడుస్తాం. తర్వాత ఆరాధన ముగిశాక ఓ మూలకు పిలిచి, “ఏమీ అనుకోకు తమ్ముడూ” అని చేతులు కలుపుతాం. అతని పరువు మాత్రం పోయినచోటే ఉండిపోతుంది.

యవ్వనస్తులారా, ముందు అతని దగ్గరకు వెళ్లండి. అతనికి ఇష్టమైతే, ఏ గ్రూపులో ఆ మాట రాశారో అదే గ్రూపులో దాన్ని వెనక్కి తీసుకోండి. విన్నవారందరికీ అది తప్పని తెలియాలి.