దిగుట, దించుట: చరిత్ర పాఠంలోని ఇంగ్లీషు మాటలు



ఎనిమిదవ తరగతి చదివే ఒక బాలిక తన చరిత్ర జవాబుపత్రం తెచ్చి నాకు చూపించింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్ల. 1760లో బెంగాల్ నవాబు మీర్ జాఫర్ 'అబ్డికేట్' చేశాడని వ్రాసింది. మార్కు పోయింది. ఆమె నోటుపుస్తకంలో 'డిపోజ్', 'అబ్డికేట్' రెండింటికీ ఒకటే అర్థం ఉన్నది: పదవి పోవుట. నేను తెలుగులో అడిగాను: "అమ్మా, మీర్ జాఫర్ తానే గద్దె దిగాడా, ఎవరైనా దించారా?" వెంటనే చెప్పింది: "కంపెనీవాళ్ళు దించేశారు సార్."

ఆ పిల్లకు చరిత్ర తెలుసు, భేదమూ తెలుసు. ఆ భేదాన్ని ఇంగ్లీషు మాటతో ముడివేసి చూపినవారే లేరు. ఆ ముడి వేయవలసినవాడు తెలుగు ఉపాధ్యాయుడేనని నా అభిప్రాయం.

గమనించండి. దిగుట, దించుట, ఎక్కుట, ఎక్కించుట: ఈ నాలుగు క్రియలు మన పిల్లలకు బడికి రాకముందే వచ్చు. రాజు తానే దిగితే 'అబ్డికేట్'. 1936లో బ్రిటిష్ రాజు ఎనిమిదవ ఎడ్వర్డ్ అట్లే దిగాడు. ఇతరులు దించితే 'డిపోజ్'. 1856లో అవధ్ నవాబు వాజిద్ అలీ షాను కంపెనీ అట్లే దించింది. మీర్ జాఫర్‌ను 1757లో ఎక్కించారు, 1760లో దించారు, 1763లో మళ్ళీ ఎక్కించారు. అట్టివాడిని మనం కీలుబొమ్మ అంటాం, ఇంగ్లీషువారు 'పప్పెట్' అంటారు. బొమ్మలాట తెలిసిన పిల్ల దీనిని కంఠస్థం చేయనక్కరలేదు.

కర్ణాటక, తమిళనాడుల్లోని మన పిల్లలకు విజయనగర చరిత్ర మరింత దగ్గరిది. 'రీజెంట్' అనే మాటను తీసుకోండి. తండ్రి పోయిన మైనరు బిడ్డ ఆస్తిని పెద్దవారొకరు చూచుకొనుట మన ఊళ్ళలో ఎరిగినదే. ఆస్తికి బదులు రాజ్యాన్ని ఉంచితే ఆ పెద్దమనిషే 'రీజెంట్'. 1491లో సాళువ నరసింహరాయలు మరణించగా, చిన్నవారైన ఆయన కుమారుల పేర రాజ్యభారం వహించినవాడు సేనాని తుళువ నరస నాయకుడు. అతని తరువాత ఆ స్థానంలోకి వచ్చిన కుమారుడు వీరనరసింహుడు 1505లో గద్దెను తనదే చేసుకొన్నాడు. బిడ్డ ఆస్తిని కాపాడవలసినవాడే తన పేర వ్రాయించుకొంటే 'కాజేశాడు' అంటాం కదా? సింహాసనం విషయంలో అదే 'యూసర్ప్'. శత్రువు దండెత్తి వచ్చి గెలుచుకొంటే 'కాంకర్'. ఈ రెండూ ఒకటి కావు.

1529లో కృష్ణదేవరాయల తరువాత గద్దె తమ్ముడు అచ్యుతరాయలకు దక్కింది. అల్లుడు రామరాయలు ఆయనకు ప్రత్యర్థి అయ్యాడు. కన్నడంలో 'అళియ' అంటే అల్లుడు. అళియ రామరాయలన్న పేరులోనే ఆ బంధుత్వం ఉన్నది. కొడుకుకా, తమ్ముడికా, అల్లుడికా అన్న ఈ తగవే 'సక్సెషన్' తగవు. తరువాత సదాశివరాయలు పేరుకు రాజు, పెత్తనం రామరాయలది. 1565లో తళ్ళికోట యుద్ధంలో మరణించేవరకు అది సాగింది.

లోపం మనలోనూ ఉన్నది. 'డిపోజ్' అంటే 'పదవీచ్యుతుని చేయుట' అని బల్లపై వ్రాసి ఊరుకొంటాం. ఆ సమాసం పిల్లకు ఇంగ్లీషు మాటంత పరాయిది. తెలియని దానికి తెలియనిదే అర్థంగా చెప్పినట్లయింది. చాలా ఏండ్లు నేనూ ఇట్లే చేశాను. 'గద్దె దించుట' ముందు చెప్పి, ఆ తరువాత 'పదవీచ్యుతి' నేర్పితే రెండూ నిలుస్తాయి.

ఇంగ్లీషు మీడియం పిల్లకు తెలుగు పీరియడు దేనికని తల్లిదండ్రులు అడుగుతున్నారు. తమిళనాడులో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టం తరువాత మనకు మిగిలిన వేళ ఎటూ స్వల్పమే. ఆ స్వల్ప వేళ పద్యానికీ వ్యాకరణానికీ చాలదు, ఇదొకటా అని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. ఇద్దరికీ నా మనవి ఒకటే. ఇంటి మాట గట్టిగా ఉన్నచోటనే బయటి మాట నాటుకొంటుంది. మన గంట మిగిలిన పాఠాలకు కూడా ఆసరా అని తెలిస్తే, దానిని తీసివేయమనడానికి ఎవరికీ నోరు రాదు.

కనుక ఉపాధ్యాయులారా, వారానికొకసారి చరిత్ర పుస్తకం తెప్పించి అయిదు మాటలు తీసుకోండి. తల్లిదండ్రులారా, రాత్రి అన్నం దగ్గర ఆనాటి పాఠాన్ని తెలుగులో కథగా చెప్పమనండి. ఎవరు ఎక్కారు, ఎవరు దించారు, ఎవరు కాజేశారు అని అడగండి. పిల్ల తడబడిన చోటు ఏదో, నేర్పవలసిన మాట ఏదో మీకే తెలుస్తుంది.