ఒక్క ఏటినే నమ్ముకుంటే ఎలా?

కొరాపుట్ జిల్లాలో ఏటా సగటున 1500 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. రాయగడను ఆనుకునే నాగావళి పారుతోంది. అయినా ఎండలు ముదిరేసరికి బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూడటం మన పట్టణాలకు కొత్త కాదు. ఉన్న నీటికి ఓ లెక్కంటూ లేకపోవడమే ఈ చిక్కుకు మూలం.

రాయగడకు నాగావళి దిక్కు. కొరాపుట్, జయపురం, సునాబెడలకు ఎగువ కొలాబ్ జలాశయం దిక్కు. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో నాగావళే చెబుతుంది. 2017 జులైలో పోటెత్తి, తెరువలి-సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెననే ఊడ్చుకుపోయింది. అదే ఏరు వేసవిలో ఇసుక మేటల మధ్య సన్నని పాయగా మిగులుతుంది. వరదొస్తే బురద, ఎండొస్తే ఇసుక, కరెంటు పోతే పంపు బంద్! ఊరికి రెండో దారి, మూడో దారి ఉండాలి కదా.

రెండో దారి మన డాబాల మీదే ఉంది. కొరాపుట్ వానకు వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఏడాదిలో సుమారు లక్షా 39 వేల లీటర్లు పడతాయి. అయిదో వంతు వృథా పోయినా లక్ష లీటర్లకు పైనే మిగులుతుంది. అంతా తొట్టెల్లో దాచలేం, నిజమే. కొంత దాచి, మిగతాది ఇంకుడు గుంతకో, పాత నూతికో మళ్లిస్తే భూగర్భజలం పెరుగుతుంది. చెత్త పోసి పూడ్చేస్తున్న నూతులు, ఆక్రమణల పాలవుతున్న చెరువులు, గెడ్డలు ఊరి నీటి ఖజానాలని ఇకనైనా గుర్తించాలి. ముందుగా ప్రభుత్వ కార్యాలయాలు, బడుల డాబాలతో మొదలుపెడితే జనం తామే అనుసరిస్తారు.

మూడోది వాడేసిన నీరు. 2011 లెక్కల్లో రాయగడ పట్టణ జనాభా 71 వేలు దాటింది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఇస్తే దాదాపు 96 లక్షల లీటర్లు కావాలి. అందులో సుమారు 80 శాతం, అంటే 76 లక్షల లీటర్లకు పైగా మురుగుగా తిరిగొస్తుంది. దాన్ని శుద్ధిచేసి తోటలకు, కట్టడాలకు, పరిశ్రమలకు వేరే గొట్టాల్లో ఇస్తే అంతమేర మంచినీరు ఆదా అవుతుంది. 2019 వేసవిలో జలాశయాలు ఎండి విలవిల్లాడిన చెన్నై అదే ఏడాది కోయంబేడు, కొడుంగయ్యూర్‌లలో ఒక్కొక్కటి రోజుకు 4.5 కోట్ల లీటర్ల సామర్థ్యంతో శుద్ధి కేంద్రాలు ప్రారంభించి, ఆ నీటిని పరిశ్రమలకు ఇస్తోంది. అంత పెద్ద యంత్రాలు మనకక్కర్లేదు. ఊరి కొలతకు తగ్గవి చాలు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. రాయగడ దాటిన నాగావళి కొమరాడ వైపు సాగి తోటపల్లి బ్యారేజీకి చేరుతుంది. మనం ఎగువన వదిలిన మురుగు దిగువన మన చుట్టాల పొలాలకే వెళ్తుంది. సరిహద్దు గీత మనుషులకేగాని ఏటికి లేదు. పైగా చెడ్డ నీరు ఎంత ప్రమాదమో మన జిల్లాకు తెలియనిది కాదు. 2007లోను, మళ్లీ 2022 జులైలో కాశీపూర్ బ్లాకులోను కలరా ప్రాణాలను బలిగొంది. కుళాయిలో నీరు రావడం ఒక్కటే చాలదు, ఆ నీరు తాగదగినదై ఉండాలి.

ఇదంతా అసాధ్యం కాదు. ఒడిశాలోనే పూరీ పట్టణం 2021 జులైలో ఇరవైనాలుగు గంటలూ కుళాయి నుంచి నేరుగా తాగే నీరిచ్చిన తొలి నగరంగా దేశంలో పేరు తెచ్చుకుంది. మహిళా సంఘాల నుంచి వచ్చిన జలసాథీలు ఇంటింటికీ వెళ్లి నీటిని పరీక్షిస్తారు, బిల్లులూ వసూలు చేస్తారు. ఆ శ్రద్ధే ఇక్కడా కావాలి.

మున్సిపాలిటీలు ముందు గొట్టాల లీకులు అరికట్టాలి. ఏరెంత, వానెంత, నూతులెంత, శుద్ధిచేసిన నీరెంత అని ఏటా వేసవికి ముందే లెక్క తీసి వార్డువారీగా జనం ముందు పెట్టాలి. ఆ లెక్క అడగాల్సిన బాధ్యత మనది. దాహమేసినప్పుడు నుయ్యి తవ్వుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. వాన కురుస్తుండగానే పని మొదలుకావాలి.