గుండెదడ ఎవరి జబ్బు?

మొన్న మండల కేంద్రంలో టీచర్లకు శిక్షణ పెట్టారు. పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్లటి బట్టలు, మెత్తటి గొంతు. "ఒత్తిడి బయటెక్కడా లేదు, మీ మనసులోనే ఉంది. కళ్ళు మూసుకోండి, గాలి పీల్చండి, అన్నీ మర్చిపోండి" అన్నాడు. అందరితోపాటు మేమూ కళ్ళు మూసుకున్నాం. మూసిన కళ్ళ ముందు మా వాడే కనపడింది. ఏవి మర్చిపోవాలో, ఏవి మర్చిపోకూడదో ఆయన చెప్పలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

అన్నలారా, అక్కలారా! ముందు మన ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకుందాం. ఇది డాక్టర్ల సొత్తు కాదు. పొలం గట్టు మీద పాము కనపడిందనుకోండి. ఆలోచించేలోపే గుండె దడదడలాడుతుంది. నోరు పిడచగట్టుకుపోతుంది. అరచేతులకు చెమట పడుతుంది. మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులున్నాయి. మెదడు కబురంపగానే అవి అడ్రినలిన్ అనే రసాన్ని నెత్తుట్లోకి వదుల్తాయి. దాని వెనకే కార్టిసాల్ అనేది వస్తుంది. నెత్తుట్లో చక్కెర పెరుగుతుంది, కండలకు సత్తువ వస్తుంది, తిండి అరిగే పని మందగిస్తుంది. కొట్టడానికో పరుగెత్తడానికో ఒళ్ళు సిద్ధమైందన్నమాట. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే దీని మీద పుస్తకం రాశాడు. పాము పోతే కాసేపటికి గుండె కుదుటపడుతుంది. ఇది జబ్బు కాదు. పిరికితనం అసలే కాదు. మనం బతకడానికి ఒళ్ళు కాసే కాపలా.

మరి పాము పోకపోతే? రోజూ అదే గట్టు మీద పడగెత్తి ఉంటే?

మన బతుకులో జరిగేది ఇదే. అప్పిచ్చిన ఆసామి ఇంటి ముందుకొచ్చి, పెళ్ళాం బిడ్డలు చూస్తుండగా కులం పేరెత్తి తిడతాడు. కొట్టలేం, కొడితే రేపు కూలి ఉండదు. పరుగెత్తలేం, పరుగెత్తి ఎక్కడికి పోతాం? పళ్ళు బిగబట్టి తల వంచుకుని నిలబడతాం. ఒళ్ళు మాత్రం కొట్లాటకు సిద్ధమయ్యే ఉంటుంది. బైట జరగని కొట్లాట లోపల జరుగుతుంది. ఇవాళ ఆసామి, రేపు టీ కొట్టులో మనకి మాత్రమే ఇచ్చే ప్లాస్టిక్ గ్లాసు, ఎల్లుండి పోలీస్ స్టేషన్ గుమ్మం. గుండెకు తెరిపి ఉండదు. ఏళ్ళ తరబడి ఇలా సాగితే రక్తపోటు పెరుగుతుంది, నిద్ర చెడుతుంది, చక్కెర జబ్బుకు దారి పడుతుంది, రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గుతుంది. బ్రూస్ మెక్‌ఈవెన్ అనే శాస్త్రవేత్త 1993లో దీన్ని ఒంటి అరుగుదలగా లెక్కగట్టాడు. రాతినేల దున్నే కర్రు అరిగినట్టే మన ఒళ్ళూ అరుగుతుంది. కర్రు అరిగితే తప్పు ఇనుముదా, రాయిదా?

మా వాడలో ఆడవాళ్ళు "గుండెల్లో మంట, తలపోటు, రాత్రుళ్ళు నిద్ర లేదు" అని వెళ్తే ఆర్ఎంపీ "నరాల బలహీనత" అని తేల్చి సూదేస్తాడు, బలం బిళ్ళలిస్తాడు. తరతరాలుగా ఆ నరాల్ని లాగిందెవరో అడిగేవాడు లేడు.

"ఇదంతా పేదరికం వల్ల. మధ్యలో కులమేంటి?" అంటారు కొందరు అయ్యలు. వాళ్ళకి రెండు లెక్కలు చెప్తాం. 1967లో లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద ఒక పరిశోధన మొదలైంది. అందరూ జీతం రాళ్ళున్నవాళ్ళే, తిండికి లోటు లేనివాళ్ళే. అయినా కింది మెట్టు ఉద్యోగుల్లో మరణాలు పై మెట్టు వాళ్ళకన్నా దాదాపు మూడు రెట్లు తేలాయి. పొగతాగడం లాంటి అలవాట్లు ఆ తేడాలో కొంతకే కారణం. ఒకడి మాట కింద బతకడమే ఆయుష్షును తింటుందన్నమాట. ఇక మన దేశం సంగతి. తొమ్మిది రాష్ట్రాల లెక్కలతో 2022లో అచ్చయిన పరిశోధన ప్రకారం అగ్రకుల హిందువులకన్నా దళితులు మూడేళ్ళకు పైగా, ఆదివాసులు నాలుగేళ్ళకు పైగా తక్కువ బతుకుతున్నారు. ఆస్తిపాస్తుల తేడా తీసేసి చూసినా ఆ వ్యత్యాసంలో సగానికి పైగా మిగిలే ఉంది. అదంతా గుండెదడ వల్లేనని మేం అనం. ఆస్పత్రి దూరం, మంచినీళ్ళ కరువు, చేసే పని కూడా కారణాలే. కానీ అన్నిటి వెనకా ఉన్న పాము ఒక్కటే.

పంతుళ్ళం గనక బడి సంగతి చెప్పకుండా ఉండలేం. మా వాడలో మొదట డిగ్రీ చదివినవాళ్ళం మేమే. చిన్నప్పుడు స్కాలర్‌షిప్ కాగితాలు రాగానే "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అనేవాళ్ళు. లేచేవాళ్ళం. చెవులు వేడెక్కేవి, కడుపులో తిప్పేది. ఆ తర్వాత బోర్డు మీద లెక్క చెయ్యమంటే అప్పటిదాకా వచ్చిన లెక్క వచ్చేది కాదు. మొద్దులమనుకున్నాం. అది మొద్దుతనం కాదని చాలా కాలానికి తెలిసింది. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముళ్ళిచ్చారు. కులం ఊసెత్తనప్పుడు అందరూ ఒకే తీరున చేశారు. పిల్లలందరి ముందూ కులం పేరు చదివాక కింది కులాల పిల్లలు బాగా వెనకబడ్డారు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే చేసిన ఈ ప్రయోగం 2006లో అచ్చయింది. పిల్లలు వాళ్ళే, మెదళ్ళు అవే. మధ్యలో ఒక్క మాట పడింది. తోటి టీచర్లారా, ఆ మాట ఇంకా మన నోట్లోంచే వస్తోంది!

బాబాసాహెబ్‌కు మించిన చదువరి ఎవరు? అమెరికాలో చదివొచ్చి బరోడాలో కొలువులో చేరితే ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా అది తలుచుకుంటే కన్నీళ్ళొస్తాయని ఆయనే రాసుకున్నాడు. అవమానాన్ని ఒళ్ళు మరిచిపోదు. మరి చుండూరు? 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. ఇరవైమూడేళ్ళు కోర్టు మెట్లెక్కి దిగిన ఆ తల్లులకి "కళ్ళు మూసుకుని మర్చిపోండి" అని చెప్పే దమ్ముందా ఆ పెద్దమనిషికి?

గాలి పీల్చడం తప్పని మేం అనడం లేదు. పీల్చండి, నిదానంగా పీల్చి వదిలితే గుండె నెమ్మదిస్తుంది. కానీ గట్టు మీద పామునుంచి, మన గుండెకు మాత్రం బుద్ధి చెప్పే విద్య మనది కాదు.

మన తప్పులూ చెప్పుకుందాం. ఆసామి మీద చూపాల్సిన కోపం ఇంటికొచ్చి ఆడదాని మీద చూపిస్తున్నాం. దడ తగ్గుద్దని బెల్టుషాపుకి పోతున్నాం. తాగితే వచ్చేది మత్తే గానీ నిద్ర కాదు. సారా ఎవరి కొంప ముంచుతుందో 1992లో దూబగుంట అక్కలు దేశానికే చెప్పారు. సంఘంలో మనం కేసు ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతాం, నిద్ర పడుతోందా తమ్ముడూ అని అడగం. ఎవరైనా ఏడిస్తే బలహీనుడంటాం.

ఇక నుంచి అలా వద్దు. ముప్పయ్యేళ్ళు దాటినవాళ్ళంతా ఉపకేంద్రానికెళ్ళి రక్తపోటు, చక్కెర చూపించుకోండి, డబ్బులు కట్టక్కర్లేదు. బిళ్ళలు రాస్తే మానకుండా వేసుకోండి. బతుకు మీద విరక్తి పుట్టిన మనిషిని ఒంటరిగా వదలొద్దు. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. కులం పేరుతో తిడితే 1989 చట్టం కింద కేసు పెట్టండి, ఒక్కరే కాదు, వాడంతా కదిలి స్టేషన్‌కు వెళ్ళండి. పక్కన మనిషి ఉంటే గుండెదడ తగ్గుతుందని శాస్త్రమూ చెప్తోంది, మన ఉద్యమమూ చెప్తోంది. బళ్ళో కులం పేరుతో పిల్లల్ని లేపి నిలబెట్టే పద్ధతి ఈ ఏడే ఆగాలి. ఆపకపోతే మేమే నిలదీస్తాం.

దడ మన గుండెలో ఉంది గానీ జబ్బు మనది కాదు. జబ్బు ఊరిది. మందు ఊరికెయ్యాలి.

జై భీమ్!